వీపు మీది బరువు: ఒక దంపతుల కొండయాత్ర నేర్పిన శాస్త్రము

ఊరిలో నడచువాడు బరువును గూర్చి అంతగా ఆలోచింపడు. దాహమైన నీరు దొరకును, ఆకలియైన ఇల్లు చేరును, చలి వేసిన తలుపు మూసికొనును. కాని మనుష్య సంచారము లేని కొండలలో నెలల తరబడి నడచువాడు తన వంటయిల్లు, పడకటిల్లు, బట్టల పెట్టె, మందుల అర, అన్నిటిని వీపున మోయవలెను. అతడు వేయు ప్రతి అడుగునకు ఆ బరువు వెల కట్టును. ఆ వెల ఎంత? దానిని తగ్గించుట ఎట్లు? ఎంత వరకు తగ్గించుట క్షేమము? ఈ ప్రశ్నలకు భౌతికశాస్త్రము, శరీరధర్మశాస్త్రము రెండును కలిసి సమాధానము చెప్పవలసి యున్నది. ఈ సమాధానమును ఒక దంపతులు తమ కాళ్లతోనే వెదకిరి.

దారి, కాలము

ఉత్తర అమెరికా పడమటి భాగమున, పసిఫిక్ మహాసముద్రమునకు కొంత దూరములో, ఉత్తర దక్షిణములుగా పర్వత పంక్తులు సాగిపోవుచున్నవి. దక్షిణముననున్న సియెర్రా నెవాడా, ఉత్తరముననున్న కాస్కేడ్ పర్వతములు వీనిలో ముఖ్యమైనవి. ఈ పర్వతముల మీదుగా మెక్సికో సరిహద్దు నుండి కెనడా సరిహద్దు వరకు ఒక కాలిబాట కలదు. దాని పేరు పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్. అమెరికా ప్రభుత్వము 1968లో ఒక చట్టము ద్వారా దీనికి జాతీయ కాలిబాట హోదా ఇచ్చినది. బాట పూర్తియైనట్లు 1993లో ప్రకటించిరి. దీని పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. దారి పొడవునా ఎక్కవలసిన ఎత్తులన్నిటిని కూడినచో ఎవరెస్టు శిఖరపు ఎత్తుకు పది రెట్లు మించును.

ఈ దారిలో నడచువానికి తొందర పెట్టునది మంచు. దక్షిణము నుండి బయలుదేరువారు సాధారణముగా ఏప్రిల్, మే నెలలలో మొదలు పెట్టుదురు. మరీ ముందుగా పోయినచో సియెర్రా కనుమలలో శీతకాలపు మంచు కరగక యుండును. ఆలస్యమైనచో ఉత్తరమున వాషింగ్టన్ రాష్ట్రపు కొండలలో అక్టోబరు నాటికి కొత్త మంచు కురియ నారంభించును. ఈ రెండు మంచుల నడుమ దొరకునది సుమారు అయిదు నెలల కాలము. 4,265 కిలోమీటర్లను 150 దినములతో భాగించినచో రోజుకు 28 కిలోమీటర్లు వచ్చును. ఇందులో విశ్రాంతి దినములు లేవు, జబ్బుపడు దినములు లేవు, తుపాను దినములు లేవు. అందుచేత ఈ దారి మీద నెమ్మదిగా నడచుట సోమరితనము మాత్రమే కాదు. అది యాత్రకే ముప్పు.

మూడు యాత్రలు

రే జార్డైన్ అమెరికా దేశస్థుడు. అంతరిక్ష నౌకలకు సంబంధించిన ఇంజనీరుగా కొంతకాలము పని చేసి, ఆ ఉద్యోగమును వదలి శిలారోహణమునకు పూనుకొనెను. బండల పగుళ్లలో బిగించి తాడు కట్టుకొనుటకు వీలగు ‘ఫ్రెండ్’ అను సాధనమును కనుగొన్నవాడుగా ఆయనకు కొండలెక్కువారిలో పేరు కలదు. ఆయన, ఆయన భార్య జెన్నీ కలిసి పైన చెప్పిన దారిని మొదటి నుండి చివర వరకు మూడుసార్లు, 1987లోను, 1991లోను, 1994లోను నడచిరి.

మొదటి యాత్రకు సుమారు నాలుగున్నర నెలలు పట్టెను. అప్పుడు తన సంచి బరువు, తిండి, నీరు, ఇంధనము మినహాయించి, 25 పౌనులని, అనగా 11 కిలోలకు పైగా నుండెనని రే జార్డైన్ వ్రాసెను. మూడవ యాత్ర నాటికి అది 9 పౌనులకు, అనగా సుమారు 4 కిలోలకు లోబడెను. ఆ యాత్ర మూడు నెలలకు కొద్ది దినములు మించి ముగిసెను. మొదటిసారి రోజునకు సగటున 31 కిలోమీటర్లు నడచినవారు మూడవసారి సుమారు 45 కిలోమీటర్లు నడచిరన్నమాట. ఏడేండ్ల వయస్సు పైబడిన పిమ్మట వేగము పెరిగినది! బరువు తగ్గుట ఒక్కటే దీనికి కారణమనుట శాస్త్రసమ్మతము కాదు. అనుభవము, సాధన కూడ ఇందులో పాలు పంచుకొన్నవి. అయినను బరువు పాత్ర ఎంతయో లెక్క వేసి చూడదగినది.

చిన్న లెక్క, పెద్ద చిక్కు

పాఠశాలలో నేర్చిన సూత్రమునే తీసికొందము. ఒక వస్తువును పైకెత్తుటలో జరుగు పని దాని ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణమును, ఎత్తును గుణించిన వచ్చును. 65 కిలోల మనిషి, తిండి నీళ్లతో కలిపి 20 కిలోల సంచితో, ఒక దినమున 1,000 మీటర్లు ఎక్కెననుకొనుడు. మొత్తము 85 కిలోలు. 85 × 9.8 × 1,000 = 8,33,000 జౌల్‌లు, అనగా సుమారు 199 కిలోకేలరీలు. మన కండరములు తాము వ్యయపరచు శక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే ఇట్టి పనిగా మార్చగలవు. మిగిలినది వేడియై పోవును. కనుక శరీరమునకగు ఖర్చు సుమారు 800 కిలోకేలరీలు.

అదే మనిషి సంచి బరువును 12 కిలోలకు తగ్గించెననుకొనుడు. ఇప్పుడు మొత్తము 77 కిలోలు. ఖర్చు సుమారు 720 కిలోకేలరీలు. మిగిలినది 80 కిలోకేలరీలకు మించదు. చిన్న గుప్పెడు వేరుసెనగ పప్పులో ఇంతకంటె ఎక్కువ శక్తి కలదు! ఎనిమిది కిలోలు తగ్గించినందుకు దక్కిన లాభము ఇంతేనా? ఇంతేయైనచో ఆ దంపతుల నడకలో అంత మార్పు ఎట్లు వచ్చెను?

ఈ లెక్క తప్పు కాదు, అసంపూర్ణము. ఇది ఎక్కుడును మాత్రమే చూచినది. నడకలో కాలము కలదు, కీళ్లు కలవు, పాదములు కలవు. వానిని కూడ చూడవలెను.

మొదట వేగము. మనిషి దినమంతయు అలసిపోకుండ వెచ్చింపగల శక్తికి గంటకింతయని ఒక పరిమితి యుండును. ఆ పరిమితిలోనే నడువవలెనన్నచో, మోయు మొత్తము బరువు తగ్గినంత మేరకు వేగము పెరుగును. 85 కిలోలు 77 కిలోలైనపుడు గంటకు 4 కిలోమీటర్ల నడక సుమారు 4.4 కిలోమీటర్లగును. ఇది పదింట ఒక వంతు మాత్రమే. రెండవది నడచు గంటలు. బరువు మోయువానిని సాయంకాలము ఆపునది తరచుగా ఊపిరి కాదు. భుజముల నొప్పి, మోకాళ్ల సలుపు, పాదముల బొబ్బలు. సమతలమున నడచునపుడే మోకాలి కీలుపై శరీరభారమునకు రెండు మూడు రెట్ల బలము పడును. కొండ దిగునపుడు ఇంకను పెరుగును. అడుగుకు 70 సెంటీమీటర్ల చొప్పున ఈ దారి మొత్తమునకు అరువది లక్షల అడుగులు పడును. బరువు తగ్గి, నొప్పి తగ్గి, రోజుకు ఎనిమిది గంటలకు బదులు పది గంటలు నడువగలిగిరనుకొనుడు. ఎనిమిది నాలుగులు ముప్పది రెండు, పదిని 4.4తో హెచ్చించిన నలుబది నాలుగు. రెండు చిన్న లాభములు ఒకదానినొకటి గుణించుకొని పెద్ద లాభమైనవి.

పాదము మీది కిలో

శరీరముపై బరువు ఎక్కడ ఉన్నదనునది కూడ ముఖ్యమే. వీపు మీది సంచి మనిషితో పాటు ఇంచుమించు ఒకే వేగమున ముందుకు సాగును. పాదము సంగతి వేరు. నడకలో ప్రతి పాదము సుమారు పదింట ఆరు వంతుల కాలము నేలపై నిలిచి యుండును. మిగిలిన నాలుగు వంతుల కాలములోనే అది రెండడుగుల దూరమును దాటవలెను. కనుక గాలిలో నున్నపుడు దాని సగటు వేగము మనిషి నడక వేగమునకు రెండున్నర రెట్లుండును. అనగా ప్రతి అడుగునకు బూటును నిశ్చలస్థితి నుండి వేగముగా విసరి, మరల ఆపవలెను. గతిశక్తి వేగపు వర్గమును బట్టి పెరుగునని విద్యార్థులెరుగుదురు.

అమెరికా సైనిక పరిశోధకులు 1969లో ప్రకటించిన ప్రయోగములలో, పాదములపై మోయు బరువునకగు శక్తివ్యయము, అంతే శరీరభారమునకగు వ్యయము కంటె నాలుగు నుండి ఆరు రెట్లుండెను. కొండదారికని వాడుకలోనున్న బరువైన తోలు బూట్ల జత ఒకటిన్నర కిలో దాటవచ్చును. పరుగెత్తువారు తొడుగు తేలిక బూట్ల జత ముప్పావు కిలోకు లోబడి యుండును. ఇక్కడ తగ్గిన ముప్పావు కిలో, వీపున మూడు నాలుగు కిలోలు తగ్గినంతటి ఫలము నిచ్చును. జార్డైన్ దంపతులు తోలు బూట్లను వదలి పరుగుబూట్లు తొడిగిరి. బరువు సంచి మోయువానికి చీలమండ నిలుపుటకు గట్టి బూటు కావలెనని అదివరకు చాలమంది నమ్మిక. సంచియే తేలికయైనపుడు ఆ అవసరము కూడ తగ్గునని వారు వాదించిరి.

మోయుటలో నేర్పు కూడ కలదు. తూర్పు ఆఫ్రికాలో తలపై బరువులు మోయు స్త్రీలను పరీక్షించి 1986లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితము ఆశ్చర్యకరము. తమ శరీరభారములో అయిదవ వంతు వరకు తలపై మోసినను వారి శక్తివ్యయము పెరుగలేదు. హిమాలయములలో నేపాలీ కూలీలు నుదుటి పట్టెతో మోయు బరువులను 2005లో కొలిచిరి. పురుషులు సగటున తమ శరీరభారములో నూటికి 93 వంతులు మోయుచుండిరి. పైగా పాశ్చాత్యులు వీపుసంచులతో మోయుదాని కంటె తక్కువ శక్తిని వ్యయపరచిరి. చిన్ననాటి నుండి అలవడిన ఈ విద్య ఒక వేసవి యాత్రికునకు పట్టుబడదు. అతనికి సులువైన మార్గము బరువు తగ్గించుటయే.

బరువు బరువును కనును

బరువునకు ఒక చెడు గుణము కలదు. అది ఒంటరిగా రాదు. సామాను ఎక్కువైనచో దానిని పట్టుటకు పెద్ద సంచి కావలెను. పెద్ద సంచికి లోహపు చట్రము, మందపు పట్టీలు కావలెను. ఆ బరువునకు గట్టి బూట్లు కావలెను. అన్నిటి వలన నడక మందగించును. మందగించినచో ఒక ఊరి నుండి మరియొక ఊరికి చేరుటకు ఎక్కువ దినములు పట్టును. ఎక్కువ దినములకు ఎక్కువ తిండి మోయవలెను.

తిండి లెక్క చూడుడు. కొండదారిలో దినమంతయు నడచువానికి నాలుగు వేల కిలోకేలరీలు అవసరము కావచ్చును. పిండిపదార్థములు, మాంసకృత్తులు గ్రామునకు నాలుగు కిలోకేలరీల చొప్పున, క్రొవ్వులు తొమ్మిది చొప్పున ఇచ్చును. ఎండు ఆహారము కలగలుపుగా గ్రామునకు నాలుగున్నర అనుకొన్నను, ఒకరికి రోజుకు 900 గ్రాములు కావలెను. ఇద్దరికి వారము దినములకు పన్నెండు కిలోలు దాటును. ఈ దారిలో నడచువారు ముందుగానే ఆహారపు పొట్లములు కట్టి, దారికి దగ్గరనున్న చిన్న ఊళ్ల తపాలా కార్యాలయములకు తమ పేరనే పంపుకొని, అక్కడికి చేరినపుడు తీసికొందురు.

రెండు ఊళ్ల నడుమ 200 కిలోమీటర్లున్నవనుకొనుడు. రోజుకు 31 కిలోమీటర్లు నడచువారికి ఆరున్నర దినములు, 45 కిలోమీటర్లు నడచువారికి నాలుగున్నర దినములు పట్టును. నడచు దూరము ఒక్కటే గనుక నడకకగు శక్తి ఇద్దరికిని ఇంచుమించు సమానమే. కాని నడచినను నిద్రించినను శరీరము తన్ను తాను పోషించుకొనుటకు రోజుకు సుమారు 1,600 కిలోకేలరీలు వ్యయము చేయును. రెండు దినములు తగ్గినచో 3,200 కిలోకేలరీలు, అనగా 700 గ్రాముల తిండి, మిగిలినట్లే. దంపతులిద్దరికి కిలోన్నర. ఆ కిలోన్నర తగ్గుట వలన నడక మరికొంత తేలికయగును. బరువు బరువును కన్నట్లే, తేలికదనము తేలికదనమును కనును. జార్డైన్ దంపతులు పట్టుకొన్న కీలకము ఇదియే. ఒక్కొక్క వస్తువును విడిగా చూచినచో ఉప్పు కల్లంత లాభము. గొలుసు మొత్తమును చూచినచో నెలన్నర లాభము.

ఇద్దరికి ఒక బొంత

వారు వదలిన వస్తువులలో నిద్రసంచి ఒకటి. నిద్రసంచి మనిషిని చుట్టుముట్టి క్రింద, పైన, ప్రక్కల ఒకే మందమున నుండును. కాని వెచ్చదనము నిచ్చునది గుడ్డయో దూదియో కాదు. వానిలో చిక్కుకొని కదలక నిలిచిన గాలి. మనిషి మీద పండుకొనగనే క్రింది భాగములోని గాలి నలిగి బయటికి పోవును. అనగా సంచిలో సగభాగము మోతకే గాని వేడికి పనికి రాదు. నేల చలికి నలగని నురుగుచాప చాలును. పైన మాత్రము కప్పుకొన్న చాలును. మన ఇండ్లలోని బొంత పని ఇదియే కదా! జార్డైన్ దంపతులు ఇద్దరికి కలిపి ఒకే బొంతను కుట్టుకొనిరి.

ఇద్దరును ఒకే బొంత క్రింద నుండుటలో రేఖాగణితము కూడ కలదు. ఉష్ణము ఉపరితలము నుండి పోవును. రెండు సమఘనములను విడివిడిగా ఉంచినచో పండ్రెండు ముఖములు గాలికి తెరచియుండును. అంటించి ఉంచినచో పదియే ఉండును. ఉష్ణము నిచ్చు పదార్థము తగ్గలేదు. పోవు ద్వారములు ఆరవ వంతు తగ్గినవి. నిద్రించు మనిషి శరీరము సుమారు 80 వాట్ల చొప్పున వేడి నిచ్చుచుండును. ఇద్దరి వేడి ఒక కప్పు క్రింద చేరినపుడు తక్కువ మందముగల బొంతయే సరిపోవును.

ఇట్లే గుడారమునకు బదులు రెండు కర్రల మీద ఏటవాలుగా కట్టు పలుచని గుడ్డ కప్పును వాడిరి. మూసియున్న గుడారములో రాత్రి వదలు ఊపిరిలోని నీటియావిరి చల్లని గుడ్డపై ఘనీభవించి, తెల్లవారుసరికి బొంతను తడుపును. ప్రక్కలు తెరచిన కప్పు క్రింద గాలి ఆడును గనుక ఆ బాధ తగ్గును. ఒక కప్పు, ఒక పొయ్యి, ఒక గిన్నె ఇద్దరికి సరిపోవును. ఒంటరిగా నడచువాడు ఇవన్నియు తానొక్కడే మోయవలెను. జంటగా నడచుటలోని లాభమిది.

జంటనడకలో చిక్కు కూడ కలదు. ఇద్దరి శరీరములు సమానము కావు. పదేసి కిలోల సంచులు ఇద్దరికి ఇచ్చుట న్యాయముగా కనబడును. కాని 75 కిలోల మనిషికి పది కిలోలు నూటికి 13 వంతులు. 50 కిలోల మనిషికి నూటికి 20 వంతులు. సమానమైన బరువు సమానమైన భారము కాదు. శరీరభారమును బట్టి పంచుకొన్నచో ఇద్దరి వేగము దగ్గరపడును. ఎంత బలవంతుడైనను జంట వేగము వెనుకబడినవారి వేగమే. కనుక ముందు నడచువాడు తన సంచిలోనికి రెండు కిలోలు మార్చుకొనుట ఉపకారము కాదు. తన ప్రయాణమును తానే త్వరితపరచుకొనుట.

తగ్గింపరాని బరువులు

కొన్ని బరువులు తగ్గవు. లీటరు నీరు కిలో బరువే. దారికి దక్షిణపు కొసనున్న ఎడారి భాగములో ఒక ఊటకు మరియొక ఊటకు ముప్పది కిలోమీటర్లకు పైగా దూరముండు చోట్లు కలవు. అక్కడ ఒక్కొక్కరు నాలుగైదు లీటర్లు మోయక తప్పదు. ఇక్కడ జార్డైన్ దంపతులు చేసిన యుక్తి మనకు నవ్వు తెప్పింపదు; అది మనము ఎరిగినదే. వారు గొడుగు వేసికొనిరి. నిర్మలాకాశమున నడినెత్తి సూర్యుడు చదరపు మీటరునకు సుమారు 1,000 వాట్ల శక్తిని కురిపించును. శరీరము దానిలో 150 వాట్లు అదనముగా గ్రహించినదనుకొన్నను నాలుగు గంటలలో 2,160 కిలోజౌల్‌లగును. లీటరు చెమట ఆవిరియగుటకు సుమారు 2,400 కిలోజౌల్‌లు కావలెను. అనగా పావుకిలో గొడుగు ఇంచుమించు ఒక కిలో నీటిని ఆదా చేయును. కొన్నిటిని మోయుట వలననే బరువు తగ్గును!

సియెర్రా నెవాడాలో కొన్ని ప్రాంతముల యందు, ఎలుగుబంట్లు తెరువలేని గట్టి డబ్బాలో తిండి దాచవలెనను నియమము కలదు. ఆ డబ్బా ఒక్కటే సుమారు కిలో. అది మనిషి కొరకు మాత్రమే గాక ఎలుగుబంటి కొరకు కూడ. మనిషి తిండి రుచి మరగిన ఎలుగుబంటి చివరకు ప్రాణము కోల్పోవును.

ఎత్తును కూడ ఎవరును తేలిక చేయలేరు. ఈ దారిలో అత్యున్నత స్థానము ఫారెస్టర్ కనుమ, 4,009 మీటర్లు. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడ కూడ నూటికి 21 వంతులే. కాని గాలి పీడనము సముద్రమట్టమున నుండుదానిలో నూటికి 61 వంతులకు దిగును. ప్రతి ఊపిరికి అందు ప్రాణవాయువు అయిదింట మూడు వంతులే. శరీరము మొదట వేగముగా శ్వాసించి, కొన్ని దినములలో రక్తపు రసాయనిక స్థితిని సరిచేసికొని, వారములలో ఎర్రకణములను పెంచుకొని ఈ లోటుకు అలవాటుపడును. మూడు వేల మీటర్లు దాటిన పిమ్మట రాత్రి బసను దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెప్పుదురు. తలనొప్పి, వాంతులు, తూలుట ముదిరినచో క్రిందికి దిగుటయే మందు.

మంచు కరిగిన వాగులు మరియొక గండము. ప్రవాహము త్రోయు బలము వేగపు వర్గమును బట్టి పెరుగును. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లు. పగటి ఎండకు కరిగిన మంచు సాయంకాలమునకు వాగులను నింపును. రాత్రి చలికి కరుగుట తగ్గి తెల్లవారుజామున నీరు తగ్గును. అందుచేత వాగును ఉదయమే, నడుముపట్టీ విప్పుకొని దాటవలెను. పడినచో సంచిని వెంటనే వదలించుకొనవచ్చును. 2016-17 శీతకాలమున సియెర్రాలో మంచు విపరీతముగా కురిసెను. ఆ తరువాతి వేసవిలో ఈ దారి నడచుచున్న ఇద్దరు వేరువేరు చోట్ల వాగులలో మునిగి మరణించిరి. అట్టి సమయమున ఒకటి రెండు దినములు ఆగుటకు సంచిలో తిండి మిగిలియుండుట వ్యర్థభారము కాదు.

తేలికదనమునకు హద్దు

జార్డైన్ 1992లో ప్రకటించిన పుస్తకము తరువాత తేలిక సంచుల పద్ధతి చాల దేశములకు ప్రాకినది. దానితో పాటు ఒక అపోహ కూడ ప్రాకినది. తక్కువ మోయుటయే గొప్ప అని. ఇక్కడనే ప్రాణముతో ముడిపడిన సంగతి కలదు.

మనిషి లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. అది 35కు దిగినచో ప్రమాదస్థితి మొదలగును. ఇందుకు గడ్డకట్టు చలియే అక్కరలేదు. 5, 10 డిగ్రీల చలిలో వాన, గాలి కలిసినను చాలును. నీరు గాలి కంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా ఉష్ణమును కొనిపోవును. తడిసిన నూలు బట్టలో గాలి యుండు చోట్లన్నియు నీటితో నిండి, కప్పుకొన్న బట్టయే శత్రువగును. ఉన్ని, కృత్రిమపు నూళ్లు ఇందులో కొంత మేలు. నడచుచున్నంత సేపు కండరముల వేడి మనిషిని కాపాడును. అలసి ఆగినపుడే చలి లోపలికి దిగును. కనుక మితిమీరి తేలికయైన సంచి, మితిమీరిన నడక, రెండును కలిసిన సాయంకాలము అత్యంత ప్రమాదకరము.

మొదట వణుకు పుట్టును. అది మేలే, కండరములు వేడి పుట్టించుచున్నవని గుర్తు. తరువాత వ్రేళ్లు మాట వినవు, నాలుక తడబడును, అడుగు తూలును. ఇంకను దిగజారినచో వణుకు ఆగిపోవును. తెలియనివాడు దానిని స్వస్థతగా భ్రమపడును. అన్నిటికంటె భయంకరమైనది వేరొకటి. చల్లబడిన మెదడు తన స్థితిని తాను గుర్తింపలేదు. ‘నాకేమి లేదు, నడువుము’ అని రోగియే చెప్పును. ఆ మాటను నమ్మక, తడిబట్ట విప్పించి, పొడిబట్ట కప్పి, గాలి తగలని చోట కూర్చుండబెట్టి, స్పృహ యుండి మ్రింగగల స్థితిలో నున్నచో తీపి పానీయము వెచ్చగా ఇచ్చువాడు ప్రక్కన ఉండవలెను. జంటనడకలో ఇద్దరును ఒకరికొకరు ఉష్ణమాపకములు. ఈ సాధనమునకు బరువు లేదు. దీనిని ఇంటివద్ద మరచుటకు వీలు లేదు.

కాబట్టి ఏది వదలవలెనను ప్రశ్నకు సరియైన సమాధానము ఇది: ఒక వస్తువు చేయు పనిని మరియొక వస్తువో, ఒక తెలివియో చేయగలిగినపుడే దానిని వదలవచ్చును. గుడారమును వదలినవాడు గాలి దిక్కు చూచి గుడ్డ కప్పును కట్టుట నేర్చియుండవలెను. మందపు బొంతను వదలినవాడు పల్లములలో చల్లగాలి చేరునని ఎరిగి కాస్త మిట్టన పండుకొనవలెను. ఆ తెలివి లేనివాడు అదే గుడ్డ కప్పును తీసికొని బయలుదేరినచో అతని సంచి తేలిక కాదు, కొరత. జార్డైన్ దంపతుల నాలుగు కిలోల సంచిలో కంటికి కనబడనిది రెండు యాత్రల అనుభవము.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ విషయమును పరీక్షించుటకు కొండలు అక్కరలేదు. ఉపాధ్యాయులు విద్యార్థుల పుస్తకముల సంచులను తూచి, ప్రతి సంచి శరీరభారములో నూటికి ఎన్ని వంతులో పట్టిక వ్రాయింపవచ్చును. ఆరోగ్యవంతులైన కొందరు విద్యార్థులు పాఠశాల మెట్లను ఒకే వేగముతో మొదట ఖాళీ వీపుతోను, కొంత విశ్రాంతి పిమ్మట తమ సంచితోను ఎక్కి, వెంటనే నిమిషమునకు నాడి ఎన్నిసార్లు కొట్టుకొనునో లెక్కింపవలెను. మెట్ల ఎత్తును కొలిచి, చేసిన పనిని జౌల్‌లలో కట్టవలెను. నాడి పెరుగుదలను పని పెరుగుదలతో పోల్చి చూచినచో, ఒకే సంచి ఇద్దరికి ఒకే భారము కాదని వారికే తెలియును. పిదప సంచిలోని ప్రతి వస్తువును తీసి, నేడు దీని పని ఏమియని ప్రశ్నించుకొన్నచో, అరువది లక్షల అడుగుల దారిలో ఒక దంపతులు ప్రతి రాత్రి వేసికొన్న ప్రశ్నయే అది.